బాతు గూడు, పట్టు గూడు

పోయిన వేసవిలో శిడ్లఘట్ట దగ్గర మా అన్నగారి ఇంట పెళ్ళి పనులు మొదలైనప్పుడు వచ్చిన తగవు ఇది. తగవు అంటే పెద్ద మాటే గాని, రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు గనుక వేరే పేరు దొరకడం లేదు. పెళ్ళికూతురు మా అన్నగారి మనుమరాలు. బెంగుళూరులో చదువుకొని అక్కడే ఉద్యోగం చేస్తున్నది. మన ఇళ్ళలో వాడుక ప్రకారం చర్చి పెళ్ళికి తెల్ల పట్టుచీర తీయాలని పెద్దవాళ్ళు బయలుదేరుతుంటే, “నాకు పట్టు వద్దవ్వా, నూలు చీర చాలు” అన్నది. ఎందుకని అడిగితే ఫోనులో ఒక చిన్న చిత్రం చూపించింది. ఐస్‌లాండ్ అనే చలిదేశంలో, సముద్రపు ఒడ్డున, గడ్డిలో ఒక ఆడ బాతు గుడ్ల మీద కూర్చొని ఉన్నది. ఒక రైతు నెమ్మదిగా దగ్గరకు వచ్చాడు. బాతు నాలుగడుగులు అవతలికి నడిచింది. రైతు వంగి గూటిలోని మెత్తని నూగును తీసుకొని, దాని బదులు ఎండుగడ్డి పరిచి, గుడ్లను అట్లాగే ఉంచి వెళ్ళిపోయాడు. బాతు మళ్ళీ వచ్చి కూర్చొన్నది.

“వాళ్ళు చంపకుండా తీసుకుంటారు. మనం చంపి తీసుకుంటాం. ఎందుకవ్వా?” అని అడిగింది పిల్ల.

ఆ అవ్వ, అంటే మా వదిన, పన్నెండేళ్ళ వయస్సు నుంచి నలభై ఏళ్ళపాటు పట్టు గూళ్ళు ఉడికే నీళ్ళ దగ్గర కూర్చొని దారం తీసిన మనిషి. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గీతలు అరిగిపోయి ఉంటాయి. ఆ చేతులు చాచి, “ఈ చేతులు ఆ నీళ్ళలో పెట్టబట్టే మీ నాయన చదివినాడు. వాడు చదవబట్టే నువ్వు నాకు బాతుల్ని చూపిస్తాండావు” అన్నది. తరువాత ఇద్దరూ మా వైపు చూశారు. “నువ్వే చెప్పు తాతా” అన్నది పిల్ల.

మేము ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాము. ఆ తరువాత కొన్నాళ్ళు చదివి, తెలిసినవారిని అడిగి, ఆలోచించినదానిని ఇక్కడ పెడుతున్నాము. పట్టు మీద బతికిన కుటుంబాలు మన పాఠకులలో చాలా ఉన్నాయి. వారు ముందే కోపగించుకోకుండా చివరి దాకా చదవాలని మనవి.

ముందు బాతు సంగతి. దాని పేరు ఐడర్. మన చెరువుల్లో తిరిగే బాతుల కంటె పెద్దది, సముద్రపు బాతు. ఉత్తరాన మంచు దేశాల తీరాల్లో ఉంటుంది. నీళ్ళలో మునిగి అడుగున అంటుకొని ఉండే ఆల్చిప్పల వంటి వాటిని తింటుంది. మగది నలుపు తెలుపుల్లో, మెడ వెనుక లేత ఆకుపచ్చ ఛాయతో చూడ ముచ్చటగా ఉంటుంది. ఆడదేమో ఎండుగడ్డి రంగులో ఉంటుంది, గూటిలో కూర్చొంటే కనిపించదు. గుడ్లు నాలుగు నుంచి ఆరు. పొదగడం మొదలు కాగానే మగది సముద్రం మీదికి వెళ్ళిపోతుంది. ఇక ఇరవై అయిదు, ఇరవై ఆరు రోజులు తల్లి ఒక్కతే. ఆ రోజులన్నీ దాదాపు ఉపవాసమే. గూడు విడిచి మేతకు పోదు, నీళ్ళ కోసం మాత్రం ఎప్పుడైనా లేస్తుంది. పిల్లలు బయటికి వచ్చేసరికి తల్లి బరువులో మూడో వంతు తరిగిపోయి ఉంటుంది.

ఆ చలిలో గుడ్లు చల్లబడకుండా తల్లి తన రొమ్ము మీది నూగును రాల్చి గూటి నిండా పరుస్తుంది. లేచినప్పుడల్లా ఆ నూగునే గుడ్ల మీద కప్పి వెళుతుంది. ఆ నూగు పీచులు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి, గాలికి చెదరిపోవు. వెచ్చదనంలో దానికి సాటి వచ్చేది లోకంలో చాలా తక్కువ. ఒక్కొక్క గూటి నుంచి దొరికేది పదిహేను, ఇరవై గ్రాములే. కిలో నూగు కావాలంటే సుమారు అరవై గూళ్ళు కావాలి. ఐస్‌లాండ్ దేశమంతా కలిపి ఏడాదికి మూడు టన్నులు వస్తే ఎక్కువ.

ఆ నూగు తీసుకునే రైతులు బాతులను పెంచరు, మేత పెట్టరు, కట్టెయ్యరు. అవి అడవి జీవాలే. రైతు చేసేదల్లా అవి వచ్చే చోటును వాటికి అనువుగా ఉంచడం. గాలి తగలకుండా రాళ్ళు పేరుస్తాడు, పాత టైర్లు పడుకోబెడతాడు, చిన్న చిన్న చెక్క గుడిసెలు కడతాడు. రంగు జెండాలు పాతుతాడు. కొందరు రేడియో పాటలు కూడా పెడతారు, మనుషుల అలికిడి ఉంటే నక్కలు దగ్గరకు రావని. గుడ్లు పెట్టే కాలంలో రాత్రిళ్ళు మేలుకొని కాపలా కాస్తారు. ఉత్తరాన ఆ రోజుల్లో రాత్రి అనేదే సరిగా ఉండదనుకోండి. 1847 నుంచి ఆ దేశంలో ఐడర్ బాతును చంపడం చట్టరీత్యా నేరం. నార్వేలో వేగా అనే ద్వీపాల వద్ద కూడా ఇదే ఆచారం తరతరాలుగా సాగింది. అక్కడివారు బాతుల కోసం ఇళ్ళ పక్కనే ఇళ్ళు కట్టారు. 2004లో యునెస్కో ఆ ద్వీపాలను ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది, అది కూడా ముఖ్యంగా ఈ బాతులకూ మనుషులకూ మధ్య నడిచిన కాపురాన్ని చూసే. ఇంగ్లండు ఈశాన్య తీరంలోని ఫార్న్ దీవులలో ఏడవ శతాబ్దంలో కత్‌బర్ట్ అనే భక్తుడు ఒంటరిగా నివసించాడు. ఆయన ఈ బాతులకు ఎవరూ హాని చేయకుండా కాపాడాడని చెప్పుకొంటారు. ఆయన ముద్దుపేరు మీదనే అక్కడివాళ్ళు నేటికీ వాటిని ‘కడ్డీ బాతులు’ అంటారు.

ఇదీ మా పిల్ల చూపించిన చిత్రం వెనుక ఉన్న కథ. వినడానికి ఎంతో బాగున్నది. బాగున్నది గనుకనే మేము కొంచెం అనుమానపడ్డాము. ఆ అనుమానం సంగతి తరువాత చెబుతాము.

ఇక పట్టు పురుగు. దీని గురించి మాకు పుస్తకం అక్కరలేదు. మేము పుట్టిన ఇంట్లో మనుషులకంటె పురుగులకే ఎక్కువ చోటు ఉండేది. ఆవగింజ కంటె చిన్న గుడ్డు నుంచి వెంట్రుక ముక్క లాంటి పురుగు వస్తుంది. మల్బరీ ఆకు తప్ప మరేదీ ముట్టదు. నాలుగు సార్లు చర్మం విడుస్తుంది. ఆ సమయంలో తినకుండా తల ఎత్తి కదలకుండా ఉంటుంది గనుక దానిని మా వైపు ‘జ్వరం’ అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నాలుగో జ్వరం దాటాక వాటి ఆకలి చూడాలి. రాత్రి పడుకొంటే పక్క గదిలో రేకుల మీద వాన పడుతున్నట్టు ఆకు తినే చప్పుడు. నాలుగు వారాల్లో పురుగు బరువు పుట్టినప్పటి కంటె పది వేల రెట్లు పెరుగుతుంది. ఇంట్లో బీడీ కాల్చకూడదు, ఘాటు వాసనలు రాకూడదు, చేతులు కడగకుండా లోపలికి పోకూడదు. మా నాయన ఇంటికి వచ్చిన చుట్టాలను కూడా గడప దగ్గరే ఆపేవాడు. పంట పోతే అప్పు, వస్తే బడి ఫీజు.

పండిన పురుగును చంద్రికల మీద వేస్తే తల ఎనిమిది అంకె ఆకారంలో ఊపుతూ రెండు మూడు రోజుల్లో తన చుట్టూ గూడు కట్టుకొంటుంది. గూడంతా ఒకే దారం. తెగకుండా తీస్తే ఎనిమిది, తొమ్మిది వందల మీటర్లు కూడా వస్తుంది. లోపల పురుగు ప్యూపాగా మారుతుంది. ఊరకే వదిలేస్తే పది పన్నెండు రోజులకు చిలుకై, నోటి నుంచి ఒక ద్రవం కార్చి గూడును మెత్తబరచి, చీల్చుకొని బయటికి వస్తుంది. కాని అట్లా వస్తే దారం ముక్కలవుతుంది. ముక్కలైతే రీలింగుకు పనికిరాదు. అందుకని చిలుక కాకముందే గూళ్ళను ఆవిరిలోనో వేడి గాలిలోనో పెట్టి లోపలి ప్యూపాను చంపుతారు, తరువాత వేడి నీళ్ళలో వేసి దారపు కొన పట్టి తీస్తారు. కిలో పట్టు దారానికి ఆరేడు కిలోల గూళ్ళు కావాలి, కిలోకు అయిదారు వందల గూళ్ళు తూగుతాయి. ఒక మంచి చీర కట్టుకొన్నామంటే కొన్ని వేల ప్రాణాలు కట్టుకొన్నట్టే. దారం తీశాక మిగిలిన ప్యూపాలు చేపలకూ కోళ్ళకూ మేతగా పోతాయి. ఆ వాసన తెలిసినవారికి వర్ణించనక్కరలేదు, తెలియనివారికి వర్ణించినా తెలియదు.

మన తెలుగువారికీ ఈ పురుగుకూ ఉన్న అనుబంధం చిన్నది కాదు. శిడ్లఘట్ట, చింతామణి, కోలారు వైపు ఆకు కోసేవాళ్ళ నోట తెలుగే ఎక్కువ వినబడుతుంది. ధర్మవరంలో, కంచిలో, బరంపురంలో మగ్గం ముందు కూర్చొన్న తెలుగు కుటుంబాలెన్నో. బెంగుళూరు బసవనగుడి వైపు ‘టాటా సిల్క్ ఫారం’ అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. జంషెడ్జీ టాటా జపాను పద్ధతులు నేర్పించడానికి పెట్టిన ఆ కేంద్రాన్ని కొంతకాలం సాల్వేషన్ ఆర్మీ వారు నడిపారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. బీదలకు జీవనోపాధి చూపడమే వారి ఉద్దేశము. పురుగు గురించి ఆ రోజుల్లో ఎవరూ అడిగినట్టు లేదు.

చిన్నప్పుడు మేము ఒక గూడును అగ్గిపెట్టెలో దాచుకొన్నాము. పన్నెండో రోజున తెల్లని చిలుక బయటికి వచ్చింది. లావు శరీరం, చిన్న రెక్కలు. రెక్కలు టపటపా కొట్టుకొన్నది గాని లేవలేదు. ఎగురుతుందని చేతి మీద పెట్టి పైకి వేస్తే రాయిలా కింద పడింది. ఆకలేస్తున్నదేమోనని మల్బరీ ఆకు తెచ్చి ముందు పెట్టాము. ముట్టలేదు. మా నాయన చూసి నవ్వి, “దానికి తినే నోరు లేదురా” అన్నాడు. నిజమే. పట్టు చిలుకకు తినే నోరుండదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదానితోనే వారం, పది రోజులు బతికి, జత కూడి, నాలుగైదు వందల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మాది జత లేకుండానే చచ్చిపోయింది.

ఎగరలేకపోవడం దాని తప్పు కాదు. చైనాలో సుమారు అయిదు వేల ఏళ్ళ క్రితం అడవి పురుగును ఇంటికి తెచ్చుకొన్న మనిషి, పారిపోని వాటిని, పెద్ద గూడు కట్టేవాటిని ఏరి ఏరి పెంచుతూ వచ్చాడు. దాని అడవి బంధువు ఇప్పటికీ ఎగురుతుంది. ఇది ఎగరదు. పురుగుగా ఉన్నప్పుడు కూడా చెట్టు మీద వదిలితే తన ఆకు తాను వెదుక్కోలేదు. మనిషి లేకపోతే ఈ జాతి ఒక్క తరం కూడా నిలవదు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ ఒకే పని చేస్తాయి. బాతు తన గుడ్లకు కప్పు చేస్తుంది, పురుగు తన మారబోయే దేహానికి కప్పు చేస్తుంది. రెండింటి కప్పూ మనిషికి కావాలి. తేడా ఎక్కడున్నదని మేము చాలా ఆలోచించాము. రైతు మనసు మెత్తనిదా గట్టిదా అన్నది కాదు తేడా. మా నాయన పురుగులను చూసుకొన్నంత ఓపికగా ఏ ఐస్‌లాండ్ రైతూ బాతులను చూసుకొని ఉండడు. జ్వరంలో ఉన్న పురుగును తాకితే మమ్మల్ని కొట్టేవాడు. తేడా అల్లా ఆగడంలో ఉన్నది. ఐడర్ నూగు బాతు పని పూర్తయ్యాక కూడా నూగే, దాని విలువ పోదు. కొందరు పొదిగే రోజుల్లో కొంత తీసినా, బదులు ఎండుగడ్డి పెడతారు, మిగతాది పిల్లలు సముద్రానికి వెళ్ళాక తీస్తారు. అక్కడ ఆగితే నష్టం లేదు. పట్టు దారం విలువంతా అది తెగకుండా ఉండడంలోనే ఉన్నది. చిలుక పని పూర్తి కావడమంటే దారం తెగడమే. ఇక్కడ ఆగితే నష్టం. గనుక దయ చూపడం ఐస్‌లాండ్‌లో తేలిక, శిడ్లఘట్టలో కష్టం. తేలికైన చోట దయగా ఉన్నవాడిని చూపించి, కష్టమైన చోట ఉన్నవాడిని తప్పు పట్టడం న్యాయమేనా? ఈ మాట మా మనుమరాలితో అన్నాము. ఆమె కొంచెం ఆలోచించి, “కష్టమైన చోటనే కదా తాతా అడగాల్సింది” అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఇందాక వాయిదా వేసిన అనుమానం ఇప్పుడు చెబుతాము. ఐడర్ నూగు వెనుక కూడా చావు ఉన్నది. బాతు గూళ్ళను కాపాడడానికి రైతులు నక్కలను, కాకి జాతి పక్షులను, మింక్ అనే జంతువును కాల్చి చంపుతారు. ఆ మింక్ ఐస్‌లాండ్‌ది కానే కాదు. 1931లో తోలు కోసం పెంచుదామని బయటి నుంచి తెచ్చారు, అవి తప్పించుకొని దేశమంతా వ్యాపించాయి. ఒక జీవి బొచ్చు కోసం చేసిన పని మరొక జీవి నూగుకు శత్రువయ్యింది. పూర్వం బాతు గుడ్లను కూడా తీసుకొని తినేవారు. ఇక ఆ నూగుతో చేసిన రజాయి ధర లక్షల రూపాయల్లో ఉంటుంది. మన పాఠకులలో అది కప్పుకొని పడుకొన్నవారు ఒక్కరు కూడా ఉండరు. చేతికి రక్తం అంటని వస్తువు కొనడం కూడా ఒక భాగ్యమే.

అంతకంటె మమ్మల్ని కలవరపెట్టిన సంగతి మరొకటి ఉన్నది. ఐడర్ బాతుకు రెక్కలున్నాయి. ఏటా తాను పొదిగిన చోటికే తిరిగి వస్తుంది, కాని రావలసిన నిర్బంధం ఏమీ లేదు. రైతు మోటుగా ప్రవర్తించి, కుక్కను వదిలి, గుడ్లన్నీ ఎత్తుకుపోతే వచ్చే ఏడు ఆ చోటు ఖాళీగా ఉంటుంది. కనుక ఆయన మెల్లగా నడుస్తాడు. ఆయన దయను మేము తక్కువ చేయడం లేదు. కాని ఆ దయకు పక్కన బాతు రెక్కలు కూడా పని చేస్తున్నాయి. పట్టు చిలుక ఎక్కడికి పోతుంది? ఎగరలేదు, తినలేదు, మనం పెట్టకపోతే పుట్టలేదు. అలిగి వెళ్ళిపోగల జీవితో మనిషి ఒక తీరుగా ఉంటాడు, వెళ్ళలేని జీవితో మరొక తీరుగా ఉంటాడు. పైగా వెళ్ళలేకుండా చేసింది కూడా తానే అయి ఉంటాడు.

వలస వచ్చినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మా తాత గని పనికి ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు ఒక మేస్త్రీ దగ్గర తీసుకొన్న బయానా ఎన్నేళ్ళు పని చేసినా తీరలేదు. మేస్త్రీ చెడ్డవాడు కాడని, పండుగకు బట్టలు పెట్టేవాడని మా అవ్వ చెప్పేది. కాని వేరే చోటికి పోతానన్న కూలీతో ఆయన మాట్లాడే తీరు వేరు, పోలేడని తెలిసిన కూలీతో మాట్లాడే తీరు వేరు. వెట్టి చాకిరీని 1976లో చట్టం రద్దు చేసింది. అయినా కర్ణాటకలో పట్టు రీలింగు షెడ్లలో అప్పుకు కుదువ పెట్టిన పసిపిల్లలు ఆ తరువాత చాలా ఏళ్ళ వరకు వేడి నీళ్ళలో చేతులు పెట్టి పని చేశారు. 2003లో ఒక అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ దీని మీద పుస్తకమే వేసింది. మా వదిన ఆ పుస్తకం చదవలేదు. ఆమెకు పన్నెండో ఏట అప్పుకిందనే ఆ పని వచ్చిందని ఆ రాత్రి వరకు మాకూ తెలియదు. నీళ్ళలో ఉడికినది పురుగొక్కటే కాదు.

ధర్మశాస్త్రములో, ద్వితీయోపదేశకాండము ఇరవై రెండవ అధ్యాయములో, పక్షి గూటిని గురించి ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. దారిలో పక్షి గూడు కనబడి, తల్లి గుడ్ల మీదనో పిల్లల మీదనో కూర్చొని ఉంటే, పిల్లలను తీసుకోవచ్చును గాని తల్లిని తీసుకోక పోనివ్వవలెనని దాని భావము. మేము దీనిని ఎన్నోసార్లు చదివాము గాని ఇప్పుడు చదివితే వింతగా ఉన్నది. పిల్లలను తీసుకోవచ్చుననడం కఠినమే. అయితే తల్లిని పట్టుకోవడం అప్పుడే అన్నిటికంటె సులువు. గుడ్ల మీద కూర్చొన్న తల్లి ఎగిరిపోదు, ప్రేమే దానిని కట్టివేస్తుంది. ఎగరగలిగీ ఎగరలేని ఆ క్షణంలోనే దాని మీద చెయ్యి వేయవద్దని ఆజ్ఞ. ఇందులో పురుగు మాట లేదు. అయినా పట్టు గూడును చేతిలో పట్టుకొన్నప్పుడు ఆ మాట గుర్తుకు రాకుండా ఉండదు.

పురుగు ప్రాణం బాతు ప్రాణంతో సమానమా అని కొందరు పాఠకులు అడగవచ్చును. సమానమని మేము అనడం లేదు. బాతు బాధపడుతుందని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. గూటిలో మూసుకొని ఉన్న ప్యూపా విషయంలో అంత తేలికగా చెప్పలేము. ఎలాగూ వారం రోజుల్లో చచ్చేదే కదా, నోరు కూడా లేదు కదా అని కూడా అంటారు. ఆ వారం మనకు తక్కువే. దానికి ఉన్నది అదొక్కటే.

ఆగి తీసే పట్టు కూడా లేకపోలేదు. హైదరాబాదులో ఆప్కో చేనేత సంస్థలో పని చేసిన కుసుమ రాజయ్య గారు దానిని ‘అహింసా పట్టు’ అన్నారు. పురుగును చంపకుండా పట్టుచీర దొరకదా అని రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ గారి సతీమణి జానకి గారు అడిగిన ప్రశ్న ఆయనను ఆ దారి పట్టించిందని చెబుతారు. ఇది 1990 ప్రాంతపు మాట. చిలుకలు బయటికి వచ్చేదాకా ఆగి, మిగిలిన గూళ్ళను పత్తి వడికినట్టు వడికి నేయించి, ఆ పద్ధతికి పేటెంటు కూడా పొందారు. దారం కొంచెం మందం, మెరుపు కొంచెం తక్కువ, ధర ఎక్కువ. మెచ్చుకోదగిన పనే. కాని పురుగులు మేపిన ఇంటివాళ్ళుగా మాకు వెంటనే ఒక లెక్క తోచింది. బయటికి వచ్చిన ఒక్కొక్క ఆడ చిలుక నాలుగైదు వందల గుడ్లు పెడితే, ఆ గుడ్లన్నిటికీ ఆకు ఎక్కడిది? పొదగనివ్వకుండా పారేయాలి, లేదా పుట్టినవి ఆకలితో చస్తాయి. అస్సాం వైపు పెంచే ఎరి పురుగు గూటికి ఒక పక్క తెరిచే ఉంటుంది, చంపకుండానే దారం వడకవచ్చును. కాని అక్కడ చాలా ఇళ్ళలో లోపలి ప్యూపాను కూరగా వండుకొని తింటారు. అయిదు వేల ఏళ్ళ క్రితం మొదలుపెట్టిన దానిని ఒక్క మంచి నిర్ణయంతో విప్పలేము.

ఈ లెక్కలన్నీ చెబితే మా మనుమరాలు, “అయితే ఏమీ చేయవద్దంటావా తాతా?” అన్నది. అట్లా అనలేదు. ఆగడానికి ఖర్చు ఉన్నది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేలకుండా దయ గురించి మాట్లాడితే, ఆ ఖర్చు చివరకు ఆకు కోసేవాడి మీద, దారం తీసేదాని మీద పడుతుందని మా భయము. పట్టు వద్దని నూలు చీర కట్టుకొంటే పురుగుకు మేలు. శిడ్లఘట్టలో రీలింగు షెడ్డు మూతపడితే అక్కడి ఆడవాళ్ళకు ఏమి మేలు? ఇది పట్టు కట్టుకోవడానికి సాకుగా చెప్పడం లేదు. మేము ఇరవై ఏళ్ళుగా కొత్త పట్టుబట్ట కొనలేదు. అందుకు కారణం దయ కాదు, పింఛను.

పెళ్ళికి పిల్ల చివరకు వాళ్ళ అవ్వ పెళ్ళి చీరే కట్టుకొన్నది. యాభై ఏళ్ళ నాటి తెల్ల పట్టు, మడతల దగ్గర పసుపు రంగుకు తిరిగింది. దాని కోసం చావవలసినవి ఎప్పుడో చచ్చాయి, కొత్తగా ఒక్కటి కూడా చావలేదు అన్నది పిల్ల. మా వదిన ఏమీ అనలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుతూ దారాన్ని బొటనవేలితో రాసి చూసి, “ఇది నేను తీసిన దారం కాదు. దారం తీసేదాన్ని గాని, ఆ రోజుల్లో కొనుక్కొనే స్తోమత యాడిది? మా నాయన అప్పు చేసి తెచ్చినాడు” అన్నది.

విందు అయ్యాక పందిట్లో మా అన్నగారి చిన్నకొడుకు మా పక్కన వచ్చి కూర్చొన్నాడు. ఇప్పటికీ వంద గుడ్లు మేపుతున్నవాడు ఇంట్లో వాడొక్కడే. పిల్ల వాడి దగ్గరకు వచ్చి, “చిన్నాయనా, ఒక చీరకు సరిపడా గూళ్ళు చిలుకలు వచ్చేదాకా ఆపితే నీకెంత నష్టం? అది నేనిస్తా” అన్నది. వాడు ముందు నవ్వాడు. తరువాత పెళ్ళిపత్రిక వెనుక పెన్నుతో లెక్క మొదలుపెట్టాడు. మంచి గూళ్ళు కిలో ఎంత, పొక్క పడిన గూళ్ళు కిలో ఎంత, పన్నెండు రోజులు చంద్రికలు ఖాళీ కాకపోతే తరువాతి పంట ఎంత వెనక్కి పోతుంది, ఆకు ముదిరితే ఏం చేయాలి. “మరి గుడ్లు?” అని మేము అడిగాము. వాడు పెన్ను ఆపి, “గుడ్ల సంగతి నాకు తోచలేదు చిన్నాయనా” అన్నాడు. కాసేపు పత్రిక వైపే చూశాడు. అంతలో గడియారం చూసుకొని, సాయంత్రం ఆకు వేసే వేళ అయిందని, పత్రికను జేబులో పెట్టుకొని లేచి వెళ్ళాడు.